దంతవైద్యుని కృష్ణవర్ణ విజయము

సూర్యుడు పడమటి అద్దాల గోడను నిప్పుల సమ్మెటలతో మోదుచు, ఏసీ యంత్రములు వగర్చుచు, తుడిచిన నేలపలకలలో కార్ల నీడలు తలక్రిందులుగా మెరయుచుండగా, ఒకానొక ఆదివారపు సాయంసమయమున, పెద్దరోడ్డు మలుపునందలి స్పోర్ట్స్ కార్ల షోరూమను రణరంగమున, దంతమూలోత్పాటనధురంధరుడును, దుష్టజ్ఞానదంతభంజనుడును, డ్రిల్లింగ్ యంత్రఘోషవిత్రస్తరోగిజనశరణ్యుడును అగు ఒక పండ్ల డాక్టరు, సోఫా అంచున కూర్చుండి, చల్లారిన కాఫీకప్పును రెండు చేతులతో బిగబట్టి, తన జీవితములోకెల్ల ఘోరమైన యుద్ధమునకు సిద్ధమగుచుండెను. వినదలచినవారు సెల్‌ఫోనులు పక్కన పెట్టి వినుడు. పెట్టలేనివారు వానిని చూచుచునే వినుడు. మీతో మాకు పేచీ యెందులకు.

కారు కొనుటలో యుద్ధమేమియు లేదు. అది ఎప్పుడో కుదిరిపోయెను. రంగు మాత్రమే మిగిలెను. ఆ సాయంత్రము షోరూము మూయులోపల రంగు చెప్పనిచో, కర్మాగారమువారు తమ అలవాటు చొప్పున తెలుపు పూసి పంపివేయుదురు. మన వీరునికి నలుపు కావలెను. ఆయన ధర్మపత్నికి తెలుపు కావలెను. ఆమె ఏమియు చేయకుండ కూర్చున్నను గెలుచును. ఆమెకు ఆ సంగతి తెలియును గనుకనే, తీరిగ్గా కాలు మీద కాలు వేసికొని కూర్చుండెను.

నలుపే యేల యందురా? ఆ మహానుభావుని బ్రతుకంతయు తెలుపే గదా. క్లినిక్కులో ఆయన కోటు తెలుపు, గోడలు తెలుపు. కట్టుడు పళ్లు చేయునప్పుడు రోగి పంటికి సరిపోవు రంగును వెదకుటకై పెట్టుకొను నమూనాపళ్ల వరుస, చివరినుండి చివరివరకు తెలుపులోని రకములే. ఇంటికి పోయినచో కర్టెనులు తెలుపు, సోఫా గలీబులు తెలుపు, తాను తొడుగుకొను చొక్కాలు తెలుపు. అన్నియు శ్రీమతి ఎంపికలే. అంతకంటె లోతైన బాధ మరియొకటుండెను. ఆయన దీపము కిందికి వంగి ముఖము చూపినంతనే ఎట్టివాడైనను కన్నులు గట్టిగా మూసికొనును. ఇన్నేండ్ల వృత్తిలో ఆయనను కన్నులు తెరచి చూచినవాడు లేడు. ఒక్కసారి, ఒక్క వీధిలోనైనను, జనులు తనను రెప్పవేయక చూడవలెనని పాపము ఆయనకు కోరిక.

మొదటి బాణము శ్రీమతియే విడిచెను.

"నలుపు మీద దుమ్ము కొట్టొచ్చినట్టు కనిపిస్తుందండీ. రోజూ ఎవరు తుడుస్తారు?"

"నేను తుడుస్తాను."

"మీ కళ్లజోడే నేను తుడుస్తున్నాను."

వీరుడు కళ్లజోడు సవరించుకొనెను. అది నిజముగనే తళతళలాడుచుండెను.

"ఎండలో పెడితే పెనంలా కాలుతుంది," అని ఆమె రెండవ బాణము సంధించెను. "అయినా మీరు వెళ్లేది ఇంటి నుంచి క్లినిక్‌కి. మధ్యలో ఉన్నవి ఒక స్కూలు, దాని ముందు స్పీడ్ బ్రేకర్లు. దానికి నలుపైతే ఏంటి, ఎరుపైతే ఏంటి?"

అంతట ఆ దంతవీరుని హృదయకుహరమున క్రోధాగ్ని భగ్గుమనెను. "ఓసీ శ్వేతపక్షపాతినీ, వినుము! వర్షాకాలమేఘమునకు లేని సిగ్గు, కాటుకకు లేని సిగ్గు, మదపుటేనుగునకు లేని సిగ్గు నా రథమునకేల? నిశీథగర్భసంభూతమగు నా కృష్ణరథము కదలినంతనే కూడళ్లు స్తంభించును, ట్రాఫిక్ పోలీసు చేతిలోని ఈల జారిపడును, తెల్లకార్లన్నియు తెల్లముఖము వేయును. ఇది నా ప్రతిజ్ఞ!" అని ఆయన సింహనాదము చేసెను. చేసినది లోలోపలనే. పెదవి దాటి వచ్చినది ఇంతే:

"నలుపైతే కాస్త బాగుంటుందేమోనని..."

"ఎవరికి?"

"నాకే. రోడ్డు మీద నలుగురూ తిరిగి చూస్తారు కదా."

శ్రీమతి ఆయన వంక కొంచెము జాలిగనే చూచెను. "చూసేది కారునండీ. మిమ్మల్ని కాదు."

ఆ మాట వీరుని గుండెలో కలుక్కుమనెను. అబద్ధమైనచో దులుపుకొని పోయెడివాడే. నిజమగుటచేత ఆయనకు చాల నొప్పి కలిగెను.

ఓటమి తప్పదనుకొన్న ఆ క్షణముననే షోరూములోని సేల్స్ అమ్మాయి చిరునవ్వుతో వచ్చి, చేతిలోని చిన్న చిన్న రేకుపలకలను బల్లపై పరచెను. "సార్, నలుపులోనే మా దగ్గర నాలుగు రకాలున్నాయి. చూస్తారా?"

చూచుటయా? ఆయన పుట్టినదే అందులకు. రేకుపలకలను రెండు చేతుల ఎత్తుకొని అద్దాల గోడవద్దకు నడచెను. దీపము కింద చూచిన రంగు రంగు కాదని ఆయన శాస్త్రము. అచ్చట బల్లపైనున్న గ్లాసు నీటిలో వేలు ముంచి ఒక్కొక్క పలకను తడిపెను; పొడిపన్ను అబద్ధమాడునని ఆయన శాస్త్రము. ఒకదానియందు నీలిఛాయ, వేరొకదానియందు గోధుమఛాయ, మూడవదానియందు బూడిదఛాయ కనిపెట్టి పక్కకు నెట్టెను. నాలుగవదానిని పట్టుకొని వెనుకకు తిరుగగా, సేల్స్ అమ్మాయి ఆయన వెంట వచ్చి, పళ్లన్నియు కనబడునట్లు నవ్వుచు నిలిచియుండెను.

అప్పుడు జరుగరానిది జరిగెను. ఆయన చెయ్యి తనంత తానే లేచి, ఆ రేకుపలకను తీసికొనిపోయి ఆమె ముందుపంటి పక్కన ఆనించెను.

"కొంచెం నోరు తెరవండమ్మా. ఇంకొంచెం. తల వెనక్కి."

ఆమె భయపడి తెరచెను. కన్నులు మాత్రము గట్టిగా మూసికొనెను. క్యాష్ కౌంటరులో టైపు చప్పుడు ఆగిపోయెను. పక్క కారులో కూర్చుండి హారను నొక్కి చూచుచున్న పెద్దమనిషి హారను మీదినుండి చెయ్యి తీయుట మరచెను. శ్రీమతికి తల కొట్టేసినంత పనయ్యెను. ఆమె మూడు అంగలలో వచ్చి మగని మోచేయి పట్టి లాగెను.

"ఆ నలుపే రాసుకోండమ్మా. ఇంకో నిమిషం ఇక్కడుంటే మీ పన్ను పీకి చేతిలో పెడతారు."

"ఏ నలుపు మేడం?" అని ఆ అమ్మాయి దవడ సవరించుకొనుచు అడిగెను.

"ఆయన చేతిలో ఉన్నది. ఏదైతే అది."

గెలుపు ఇట్లు కూడ వచ్చునని వీరునికి అంతవరకు తెలియదు. ఛాతీ పొంగించుటయా, తల దించుకొనుటయా తేలక, రెండును కొంచెము కొంచెము చేసెను.

"మరి లోపలి రంగు?" అని అడిగిన ఆ అమ్మాయి ఈసారి డాక్టరు వంక చూడనైన చూడలేదు.

"తెలుపు," అనెను శ్రీమతి. "సీట్లు, తలుపులు, పైకప్పు, స్టీరింగ్, అన్నీ."

వీరుడు నోరు తెరచెను. రేకుపలక ఇంకను చేతిలోనే యున్నదని గ్రహించి మూసెను.

తరువాత వారిద్దరు షోరూములో నిలిపియున్న అట్టి నల్లకారులోనే, అచ్చముగా అట్టి తెల్లని సీట్లలోనే కూర్చుండి చూచిరి. కుడియెడమల తెలుపు, తలపైన తెలుపు, మోకాళ్ల మీద తెలుపు. క్లినిక్కునకు చక్రములు తొడిగినట్లుండెను. వీధిలోని వారందరు చూడబోవు ఆ నలుపు, నడుపువానికి తప్ప అందరికిని కనబడును. వీరుడు మెడ సాచెను. మరికొంత సాచెను. అప్పుడు స్టీరింగునకు ఆవల, అద్దము కింది అంచున, బొనెట్టు నల్లగా మెరసెను.

"కనిపిస్తోందా?" అని శ్రీమతి అడిగెను.

"కనిపిస్తోంది."

"ఎంత?"

ఆయన బొటనవ్రేలు, చిటికెనవ్రేలు చాపి అద్దముపై కొలిచెను. "జానెడు."

"చాలా మరి?"

ఆయన ఆలోచించెను. "చాలు."

ఈ విధముగా ఆ దంతవీరుడు, మెడ పట్టినను సరే యని సాచినచో కనబడు జానెడు నలుపును భుజబలముచేత గాక, బుద్ధిబలముచేతను గాక, కేవలము చేతి అలవాటుచేత సంపాదించెను. లోకమున చక్రవర్తులు ఇంతకంటె ఎక్కువే గెలిచియుందురు. కాని వారెవ్వరును, భార్య పక్కసీటులో కూర్చుండి చూచుచుండగా, గెలువలేదు.