సర్కారు సీడీ, శ్రావణ తాంబూలం

ఎవరైనా ఏదైనా ఊరికే ఇస్తున్నారంటే నేనిప్పుడు రెండడుగులు వెనక్కి వేస్తాను. నవ్వకండి. నా సీడీల సంగతి విన్నాక మీరూ వేస్తారు.

ఇది ఈ ఏడాది, రెండు వేల ఆరు శ్రావణమాసం సంగతి. తిరుపతిలో మా ఆఫీసుకు అట్టపెట్టెల నిండా సర్కారు సీడీలు వచ్చాయి. కంప్యూటర్లో తెలుగు రాసుకునే సాఫ్ట్‌వేరు, పూర్తిగా ఉచితం. వాడుకోవచ్చు, ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు, ఎవరికైనా పంచవచ్చు. మా ఆఫీసరు జయరామ్ గారు మమ్మల్నందరినీ నిలబెట్టి, "కంప్యూటరు తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ నడుమ పెద్ద అగాధముంది. దాన్ని మనం పూడ్చాలి" అన్నారు. ఆ అగాధం అడుగున బాసిపట్లు వేసుకుని కూర్చున్నవాణ్ణి నేనేనని పాపం ఆయనకు తెలియదు.

"ఎవరు ముందు పంచి జనం చేత వాడిస్తారో, వాళ్ళకు కొత్త కంప్యూటరు గది అప్పజెప్తాను" అన్నారు. ఆయన మాట పూర్తి కాకముందే నేను చెయ్యెత్తేశాను.

ఎందుకంటే, ఆఫీసు మొత్తంలో ఏసీ ఉన్నది ఆ గదిలోనే. కంప్యూటరుకు ఎండ పడదట. నేనుండే తపాలా సెక్షన్లో ఫ్యాను శబ్దం ఇస్తుంది గానీ గాలి ఇవ్వదు. ఈ మునికృష్ణకు ఎండ పడుతుందా అని ఇన్నేళ్ళలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇక కంప్యూటరుతో నా అనుభవమంటారా, ఒకసారి గది బయట చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళి, దాన్ని తువ్వాలుతో తుడిచి వచ్చాను.

పెట్టెలన్నీ తిరుచానూరులో మా ఇంటికి చేర్చి, మొదట లాడ్జీ గోవిందస్వామి దగ్గరికి పోయాను.

"కంప్యూటరు గూడా ఇస్తారాప్పా?" అన్నాడు.

"లేదు, సీడీ మాత్రమే."

"అంటే, ఆవును ఇయ్యకుండా పలుపు ఇచ్చేదానికి వచ్చినావు."

గుడి ముందు పూలమ్మే ఆమె, "పాటలుండాయా?" అని అడిగింది. లేవన్నాను. "మరి దీంట్లో ఏముండాది?" అంది. "అక్షరాలు" అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసి, ఒక మూర మల్లెపూలు చేతిలో పెట్టి పంపించింది.

ఆ పూలు చూడగానే నా భార్య సంతోషమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "పూలు తెచ్చినావంటే ఏదో పని పాడు చేసుకొని వచ్చినావు. ఏంది సెప్పు."

"ఏమే, రేపు శుక్రవారం వరలక్ష్మీ వ్రతం కదా. తాంబూలంలో రవికె గుడ్డ బదులు ఈ సీడీ పెడితే ఎట్లుంటుంది?"

"ఎండకు తిరిగి తిరిగి నీకు తలకాయ పని చేయడంలేదు."

"బొట్టు పెట్టి ఇచ్చిందాన్ని ఎవరైనా కాదంటారా?"

ఆమె ఆలోచనలో పడింది. నా భార్య ఆలోచించిందంటే నాకేదో పని తగులుతుందని అర్థం. "సరే. గుగ్గిళ్ళు ఉడకేసేది, టెంకాయలు కొట్టేది, ఆకూ వక్కా సర్దేది అంతా నువ్వే" అంది.

చేశాను. ఏసీ కోసం మనిషి ఏమైనా చేస్తాడు. శుక్రవారం సాయంత్రం వీధి వీధంతా వచ్చింది. సంతోషమ్మ ఒక్కో సీడీకి పసుపు కుంకుమలు పెట్టి ఇస్తుంటే, ఒక ముసలావిడ కళ్ళకద్దుకుని మరీ తీసుకుంది. చీకటి పడేసరికి పెట్టెలు ఖాళీ.

సోమవారం ఆఫీసులో ఛాతీ విరుచుకుని, "తిరుచానూరులో ఈ సాఫ్ట్‌వేరు లేని ఇల్లు లేదు సార్" అన్నాను. ఆయన పొంగిపోయారు. "శ్రావణం ఆఖరి శుక్రవారం మా ఆవిడతో అమ్మవారి దర్శనానికి వస్తున్నాను. మీ వీధిలో ఎట్లా వాడుతున్నారో చూసిపోతాను" అన్నారు.

ఆ సంతోషంలో నేనొక సంగతి మరిచాను. తాంబూలంలో వచ్చిన రవికె గుడ్డను మా వైపు ఎవరూ కుట్టించుకోరు. దాచి, ఇంకొకరికి తాంబూలంలో పెడతారు. మా పెళ్ళినాటి ఆకుపచ్చ గుడ్డ ఒకటి ఇప్పటికీ ఊళ్ళో తిరుగుతోంది. ఏటా ఒకసారి మా ఇంటికి వచ్చి, మమ్మల్ని పలకరించి పోతుంది.

తరువాతి శుక్రవారం పేరంటాల నుంచి వచ్చి సంతోషమ్మ సంచి దులిపింది. గుగ్గిళ్ళ మధ్యనుంచి సీడీలు తళతళమన్నాయి.

"ఎందుకు తీసుకున్నావే?" అన్నాను, ఏడుపొక్కటే తక్కువగా.

"తాంబూలాన్ని వొద్దంటారా? నువ్వే గదా సెప్పినావు!"

మంగళవారం నోములకు ఇంకా వచ్చాయి. చూస్తే మేం ఇచ్చినవాటికంటే ఎక్కువ ఉన్నాయి. అదేమిటని సంతోషమ్మను అడిగితే, "పక్కింటి నందినికి తాంబూలాలు సాలకపోతే నెట్ సెంటర్లో కాపీలు తీయించింది. ఎన్నైనా తీసుకోవచ్చునంట గదా" అంది. సర్కారు ఆశయం నెరవేరినందుకు సంతోషించే స్థితిలో లేను. అన్నీ బియ్యం డ్రమ్ములో కుక్కి మూత పెట్టాను.

ఆఖరి శుక్రవారం జయరామ్ గారు, ఆయన భార్య నిర్మలమ్మ గారు వచ్చారు. "పదవయ్యా, ఏదో ఒక ఇల్లు చూపించు" అంటున్నారాయన. అప్పుడే సంతోషమ్మ నిర్మలమ్మ గారికి బొట్టు పెట్టి, "ఏమయ్యా, డ్రమ్ములోంచి ఒక సీడీ తీసుకొనిరా!" అని కేకేసింది.

"వద్దులేవే" అన్నాను పళ్ళు బిగించి. తనే వెళ్ళి మూత తీసి ఒకటి లాగింది. మిగిలినవన్నీ బియ్యంతో సహా జారి, దొర్లుకుంటూ ఆఫీసరుగారి కాళ్ళ దగ్గర ఆగాయి.

"ఇవన్నీ ఏమిటి మునికృష్ణా?"

"రెండో విడత సార్..."

"రెండో విడత యాడిది సార్?" అంది సంతోషమ్మ. "మొదటివే. ఊరంతా తిరిగి మళ్ళా వచ్చినాయి."

నా ఏసీ అక్కడే ఆగిపోయింది. కానీ నిర్మలమ్మ గారు పకపకా నవ్వారు. "ఏమండీ, ఇవి తిరుపతికి గూడా వచ్చినాయి. మన బీరువాలో ఉండేవి ఇవే. పోయిన వారం నేనూ నలుగురికి పెట్టి ఇచ్చినాను."

ఆఫీసరుగారు వంగి ఒక సీడీ తీసి, దానికంటిన బియ్యపు గింజలు దులిపారు. తర్వాత నన్ను వదిలేసి, సంతోషమ్మ వైపు తిరిగారు. "అమ్మా, ఇన్ని ఇళ్ళకు వెళితే ఒక్కరూ వద్దనలేదా?"

"బొట్టు పెట్టి ఇస్తే ఎవురు కాదంటారు సార్?" అంది, అది తన సొంత తెలివైనట్టు.

"అట్లా బొట్టు పెట్టి పిలిస్తే, కంప్యూటరు నేర్చుకోవడానికి కూడా వస్తారా?"

"ఎందుకు రారు? ముందు నేనొస్తాను. యాడ నేర్పిస్తారు?"

"మా ఆఫీసులో, ఏసీ గదిలో."

ఇప్పుడు వారం వారం తిరుచానూరు ఆడవాళ్ళు ఆ గదిలో కూర్చుని తెలుగులో టకటకా కొడుతున్నారు. ముందు వరసలో, ఏసీకి ఎదురుగా, మా సంతోషమ్మ. నాకూ అక్కడే బాధ్యత అప్పజెప్పారు లెండి. గదిలోకి చెప్పులతో పోకూడదు కదా, అన్ని జతల చెప్పులకు గుమ్మం బయట ఎవరో ఒకరు కాపలా ఉండాలి. తలుపు తెరిచినప్పుడల్లా ఒక్క క్షణం చల్లగాలి మొహానికి తగులుతుంది. కళ్ళు మూసుకుంటాను.

మొన్న అట్లా మూసుకుని ఉండగానే తలుపు సందులోంచి మా ఆవిడ తల బయటికి వచ్చింది.

"ఏమయ్యా, వచ్చే వారం దుప్పటి తీసుకొనిరా. లోపల సలికి తట్టుకోలేకుండా ఉండాము."