ఫ్లెక్సీ కింద బుల్లయ్య

మా ఊరి బుల్లయ్య తప్పిపోయిన సంగతిని ప్రజలకు సగర్వంగా తెలియజేస్తున్నాము. మిరపకాయ కల్లాల్లో ఎండే రోజుల్లో ఊళ్లో మాట్లాడుకోవడానికి రేటు తప్ప మరో విషయం ఉండదు. ఆ లోటును ఆయన ఒంటిచేత్తో తీర్చాడు.

కల్లంలో కాయ తిప్పొస్తానని పొద్దున్నే బయల్దేరిన డెబ్బయ్యేళ్ల మనిషి కల్లానికి చేరలేదు. భార్య వెంకటరావమ్మ స్టేషన్లో చెప్పుకుంది.

"ఆయనకి ఈమధ్య మతి నిలవట్లేదండి. తిన్న సంగతి మర్చిపోయి మళ్లీ పెట్టమంటన్నాడు. ఎవరన్నా చేతిలో ఇంత పెడితే అక్కడే నిలబడిపోతాడు. అన్నదానాలు జరిగేచోట చూడండయ్యా."

ఈ వాదనలో ఆసక్తికరమైన అంశమేదీ లేనందున ఎవరూ స్వీకరించలేదు.

నజీర్ టీకొట్టు దగ్గరి పెద్దలు లోతుగా ఆలోచించి, రేటు పెరిగేదాకా బుల్లయ్య తన మిరప బస్తాల టిక్కీలతో పాటు కోల్డ్ స్టోరేజీలోనే ఉండిపోయాడని తేల్చారు. గుంటూరు వెళ్లిన నిజనిర్ధారణ బృందం అక్కడ రేటు కనుక్కుని, జలుబు తెచ్చుకుంది. బ్రాడీపేట నుంచి యూట్యూబ్ ఛానల్ నడిపే చైతన్యకృష్ణ దీని వెనక గుప్తనిధి ఉందన్నాడు. వెలుతురు చాల్లేదని వెంకటరావమ్మ చేత రెండోసారి ఏడిపించాడు. రెండోది బాగా వచ్చిందని మెచ్చుకున్నాడు కూడా.

చివరికి యువనేత లక్ష్మీకాంత్ గారు రంగంలోకి దిగి, పెదకాకాని సెంటర్లో 'కనబడుట లేదు' అని పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. మధ్యలో నిలువెత్తున ఆయన, చుట్టూ ఆయన అభిమాన నాయకులు, కింద మూలన చొక్కా గుండీ అంత బుల్లయ్య. పాత ఫొటో కళగా లేదని ఫ్లెక్సీ షాపువాళ్లు ఆయన జుట్టు నల్లగానూ ముఖం తెల్లగానూ చేసి, మెడలో కండువా వేశారు. బాధ్యత గల పౌరులు వెంటనే స్పందించారు.

"మధ్యలో ఉన్న కూలింగ్ గ్లాసులాయన నిన్న పెళ్లిలో కనపడ్డారండి, కంగారు పడమాకండి" అని ఫోన్లు చేశారు.

ఆవిష్కరణ సభలో లక్ష్మీకాంత్ గారు గద్గద స్వరంతో ప్రసంగించారు. "బుల్లయ్యగారు ఎక్కడికీ పోలేదు! మన మధ్యనే ఉన్నారు!" చప్పట్లు మోగాయి. పులిహోర పంచారు. సెల్ఫీలు దిగారు.

నాలుగైదు రోజులకు ఆ సభలో లక్ష్మీకాంత్ గారు దిగిన సెల్ఫీని పక్కింటి ఖాజాబీ తన ఫోన్లో చూపించింది. వెంకటరావమ్మ నాయకుడి ముఖం చూడలేదు. ఆయన భుజం వెనక వేలు పెట్టింది.

"అదుగోనమ్మా, మా ఆయన!"

నెరిసిన జుట్టు, చేతిలో పులిహోర ఆకు. తల పైకెత్తి, తప్పిపోయిన వాడెవడా అని ఫ్లెక్సీ కేసి చూస్తున్నాడు.

సెంటర్‌కి పరుగున వెళ్లేసరికి అక్కడ ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ వెలిసింది. పులిహోర పంచిన కార్యకర్తకు మాత్రం బాగా గుర్తుంది.

"ఆ తాతా? ఒకసారి తిని మళ్లీ వచ్చి పెట్టమన్నాడండి. ఇందాకే తిన్నావు కదా, పో అని పంపించేశాం."

అటు తర్వాత బుల్లయ్య ఎవరికీ కనబడలేదు. కేసు మిస్టరీగానే ఉన్నందుకు టీకొట్టు వర్గాలు హర్షం ప్రకటించాయి. వెంకటరావమ్మ మాత్రం రోజూ పెదకాకాని వెళ్లి, అన్నం పెట్టే ప్రతి చోటా వరసలో ముఖాలు చూసుకుంటూ వస్తోంది.

ఆ సెల్ఫీ మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. నాయకుడి నవ్వు బాగుందని మీరు లైకు కూడా కొట్టారు.