హెరాన్స్ జట్టు మధుర ఘట్టాలు

బేస్‌బాల్ స్టేడియంలో కూర్చున్నప్పుడు చూడకూడనిది ఒక్కటే ఉంది. అది బేస్‌బాల్!

కోప్పడకండి. పెళ్ళయిన నాటి నుంచీ హాల్‌స్టెడ్ హెరాన్స్ జట్టుకు సీజన్ టికెట్ కొంటున్నవాణ్ణి చెబుతున్నాను. ఇన్నేళ్ళూ మా ఊళ్ళో ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. పాపం, అమాయకుల్లా మైదానంలోకి చూస్తూ కూర్చునేవాళ్ళం. కింద మావాళ్ళు ఓడిపోతుంటే, పైన మేం పక్కనున్న సరస్సు గాలికి వణికేవాళ్ళం. కిందటేడు కొత్త యాజమాన్యం వచ్చి, సెంటర్ ఫీల్డ్ వెనకాల ఆరంతస్తుల మేడంత తెర నిలబెట్టింది. దాని మీద ‘హెరాన్స్ మధుర ఘట్టాలు’ మొదలుపెట్టింది. అప్పుడు కదండీ మా బతుకులు బాగుపడ్డాయి!

అంతకు ముందు అక్కడ స్కోరుబోర్డు ఉండేది. పరుగులెన్ని, హిట్లెన్ని, తప్పులెన్ని అని మూడు గడులు. ఆ మూడో గడి మా పరువు తీసేది. ఇప్పుడా బాధ లేదు. స్కోరు కావాలంటే ఫోన్‌లో యాప్ దించుకుని, పాస్‌వర్డ్ పెట్టుకుని, సాసేజీల ప్రకటన ఒకటి పూర్తిగా చూడాలి. అంత శ్రమపడి మావాళ్ళ స్కోరు తెలుసుకునే మూర్ఖుడెవడుంటాడు చెప్పండి?

ఏమీ గెలవని జట్టుకు మధుర ఘట్టాలెక్కడివి అని మీరడగొచ్చు. హెరాన్ అంటే కొంగ. పేరుకు తగ్గట్టే మా జట్టు ఒంటికాలి మీద జపం చేస్తుంది గానీ చేప మాత్రం చిక్కదు. అయినా యాజమాన్యం వెనక్కి తగ్గలేదు. పొగమంచులో మా లెఫ్ట్ ఫీల్డర్ బంతి అనుకుని సీగల్ పక్షిని పట్టుకున్న ఘట్టం. వాన పడుతుంటే మైదానం మీద పరిచే పట్టాలో మా షార్ట్‌స్టాప్ ఆటగాడు చుట్టుకుపోయి, రెండో చివర నుంచి బయటపడి నమస్కారం పెట్టిన ఘట్టం. చివరి స్థానం తప్పి చివర్నుంచి రెండోది వచ్చినందుకు ఫైరింజన్ మీద ఊరేగిన ఘట్టం! ఒక్కొక్కటీ నెమ్మదిగా తిప్పి, ఆర్గాన్ వాయించి, బాణసంచా కాలిస్తే కళ్ళు చెమర్చవూ? నాకు చెమర్చాయి. పక్కన ఘాటైన ఆవముద్ద పూసిన హాట్‌డాగ్ కూడా ఉందనుకోండి.

మీకు నచ్చిన ఘట్టానికి ఫోన్‌లో ఓటెయ్యాలి. గెలిచిన ఘట్టానికి తల ఊపే బొమ్మ చేయిస్తారు. ఆ బొమ్మల్ని గేటు దగ్గర ముందే ఇచ్చేస్తే జనం పుచ్చుకుని ఇంటికి పోతున్నారని, ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, మూడో గేటు దగ్గర పంచుతారు. క్యూ మాత్రం అయిదో ఇన్నింగ్స్‌లోనే మొదలవుతుంది. అంటే సగం మంది ఆట చూడనక్కర్లేదు. ఎంత దయ!

ఇక మా ఆవిడ మార్లిస్ సంగతి. నేను ఈ జట్టుకి అల్లుణ్ణి మాత్రమే, ఆవిడ ఇంటి ఆడపడుచు. ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్న భుజాన కూర్చోబెట్టుకుని తెచ్చినప్పటి నుంచీ ఒక్క సీజనూ వదల్లేదు. ఆవిడకున్న కోరిక ఒక్కటే. మా పిచర్ ఒకడు ఆట మొత్తం తనే బంతులు విసిరి, అవతలివాళ్ళకు ఒక్క హిట్ కూడా, అంటే బంతి కొట్టి బేస్ చేరే ఒక్క అవకాశం కూడా ఇవ్వకుండా ముగించడం కళ్ళారా చూడాలి. మిగతా జట్లన్నిటికీ ఎప్పుడో ఒకప్పుడు అయింది. మాకు కాలేదు. వాళ్ళ నాన్న చూడకుండానే పోయాడు.

దానికో పేరుంది. నేను రాయను. అది జరుగుతున్నప్పుడు ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చినా అక్కడితో చెడిపోతుంది. ఇది మా ఊళ్ళో పాస్టరు గారికీ తెలుసు, పళ్ళ డాక్టరుకీ తెలుసు. పిచర్‌తో తోటి ఆటగాళ్ళే మాట్లాడరు. కాగితం మీద రాస్తే ఏమవుతుందో నాకు తెలియదు, ఆ ప్రయోగం నాతో మొదలవడం ఇష్టం లేదు.

ఈ ఏడు ఆగస్టులో ఒక సాయంత్రం మా తరఫున అమోస్ ట్రివెట్ విసురుతున్నాడు. జుట్టు పలచబడింది, మోకాలికి పట్టీ. వచ్చే ఏడు జట్టులో ఉంటాడో లేదో వాడికే తెలియదు. నేను తెర చూస్తూ ఓట్లు వేసుకుంటున్నాను. మార్లిస్ అయిదో ఇన్నింగ్స్‌లోనే క్యూకి వెళ్ళింది. ఆ రోజు బొమ్మ వాళ్ళ నాన్నకిష్టమైన క్యాచర్‌ది మరి.

నా పక్క సీటు ఫ్లాయిడ్‌ది, రిటైరైన బస్సు డ్రైవరు. నోరు మూయని మనిషి. అలాంటివాడు చాలాసేపటిగా మాట్లాడటం లేదు. పంటి నొప్పేమో అనుకున్నాను. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మావాళ్ళ బ్యాటింగ్ వంతు వచ్చాక ఎందుకో మావాళ్ళ బెంచీ వైపు చూశాను. ఒక చివర అమోస్ ఒంటరిగా కూర్చున్నాడు. మిగతావాళ్ళంతా వాడికి గజ్జి ఉన్నట్టు రెండో చివర ఒకరి మీద ఒకరు కుక్కుకుని కూర్చున్నారు. సంగతి అర్థమై, చేతిలో ఫోన్ జేబులో పడేశాను!

“ఫ్లాయిడ్...” అన్నాను.

“నాతో మాట్లాడకు.”

“మార్లిస్ క్యూలో ఉందిరా!”

“అయ్యో దేవుడా! పరిగెత్తు. పిలుచుకురా. ఎందుకో మాత్రం చెప్పకు.”

“చెప్పకుండా వస్తుందా?”

“నీ పెళ్ళాం సంగతి నన్నడుగుతావేంటి? చెప్పావో, ఈ జన్మలో నీ మొహం చూడను.”

మెట్లు దిగి, జనాన్ని తోసుకుని, మూడో గేటు చేరేసరికి తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలైపోయింది. మావాళ్ళు ఒక పరుగు ముందున్నారు. ఇంక ముగ్గుర్ని అవుట్ చేస్తే చాలు. గోడకున్న టీవీలో షార్ట్‌స్టాప్ పట్టాలోంచి బయటపడుతున్నాడు. మార్లిస్ ముందు నలుగురున్నారు.

“సీటు దగ్గరికి రా,” అన్నాను రొప్పుతూ.

“ఎందుకు?”

“ఊరికే.”

“ఊరికే ఏంటి? అయిపోవచ్చింది క్యూ.”

“బొమ్మ పోతే పోయింది, రావే బాబూ!”

“చెమటలు పడుతున్నాయేంటి? గుండెల్లో నొప్పా? మళ్ళీ హాట్‌డాగ్‌లో ఉల్లిపాయలు వేయించుకున్నావా?”

“నాకేం కాలేదు. పైన బాగుంది.”

“ఏం బాగుంది?”

“గాలి.”

మార్లిస్ నన్ను కిందికీ పైకీ చూసింది. “పెళ్ళయిన కాణ్ణించీ గాలి బాగుందని ఒక్కసారి పిలిచావా నన్ను? నిజం చెప్పు వెర్న్, కారు తాళాలు పారేశావు కదూ?”

ముందున్న పెద్దాయన ఇదంతా విన్నాడు. నా మొహం చూశాడు. ఆయన మొహం పాలిపోయింది. టోపీ చేత్తో పట్టుకుని, ఒక్క మాట మాట్లాడకుండా మెట్ల వైపు పరుగు తీశాడు. ఆయన్ని చూసి మిగతా ముగ్గురూ! వెనకాల క్యూ కూడా కలుగుల్లోకి దూరే ఎలకల్లా ఖాళీ అయింది. నోరు విప్పినవాడు ఒక్కడు లేడు. ఎంత క్రమశిక్షణ గల ఊరండీ మాది!

“చూశావా నా అదృష్టం!” అంటూ మార్లిస్ గబగబా కౌంటరు దగ్గరికి వెళ్ళింది.

కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ పలకరించింది. “బొమ్మ ఇచ్చే ముందు, మీకిష్టమైన మధుర ఘట్టం ఒకటి నొక్కండమ్మా.”

మార్లిస్ కళ్ళజోడు పెట్టుకుని, తాపీగా ఒక్కొక్కటీ చదవడం మొదలెట్టింది.

అప్పుడు లేచింది అరుపు! కాంక్రీటు అదిరింది. గోడవారన ఎవరో వదిలిపోయిన బీరు గ్లాసు దొర్లింది. జీవితమంతా ఆ స్టేడియంలో గడిపిన మనిషికి ఏ అరుపు దేనికో ఒకరు చెప్పాలా? ఆవిడ వేలు అలాగే గాల్లో ఉండిపోయింది.

“వెర్న్... అమోస్... ఒక్కటి కూడా ఇవ్వలేదా?”

“ఒక్కటి కూడా.”

“చెప్పొచ్చుగా!”

“చెబితే పోయేదిగా!”

కళ్ళజోడు తీసి మడిచింది. “అవున్లే. చెప్పకూడదు. మంచి పని చేశావు,” అంది. అని, గోడ వైపు తిరిగి ఏడ్చింది. నాకు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంతలో కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగి, కౌంటర్లో అమ్మాయి అందించిన బొమ్మతో నా భుజం మీద ఒక్కటిచ్చింది.

“మరి నువ్వెందుకు దిగొచ్చావు? నువ్వైనా చూడాల్సింది కదా, పిచ్చోడా!”

ఇప్పుడు అమోస్ చివరి బంతి ప్రతి ఇన్నింగ్స్ మధ్యలోనూ తెర మీద వస్తుంది. ఆర్గాన్, బాణసంచా, అన్నీ ఉన్నాయి. కెమెరా తిరిగి జనాన్ని కూడా చూపిస్తుంది. ఊరంతా లేచి ఎగురుతోంది, ఫ్లాయిడ్ ఎవరో తెలియని మనిషిని ముద్దు పెట్టుకుంటున్నాడు, వాడి పక్కన రెండు సీట్లు ఖాళీ. తెర ఎంత గొప్పదంటే ఆ సీట్ల మీద వేరుశనగ తొక్కలు కూడా కనిపిస్తాయి! అది వచ్చినప్పుడల్లా మార్లిస్ తల దించుకుని సంచిలో ఏదో వెతుక్కుంటుంది.

మొన్న యాజమాన్యం మళ్ళీ ఫోన్‌లో అడిగింది, ఈ ఏడు మీకు బాగా గుర్తుండిపోయిన ఘట్టం ఏదని. మూడో గేటు దగ్గర గోడవారన నిలబడి, తడి కళ్ళతో మా ఆవిడ నన్ను తిట్టిన ఘట్టం అని రాసి పంపాను.

దాని వీడియో లేదు గనక అది ఘట్టం కిందికి రాదని జవాబొచ్చింది.