ముందు సీట్లో అమృతం

ఆ బుధవారం ఉదయం అమృతం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడున్నరకి కూతురు ఎల్సా కారు తీసుకుని యూనివర్సిటీకి వెళ్తుంది. అది క్షేమంగా చేరే దాకా తను మోకాళ్ళ మీద ఉంటుంది. ఆ తర్వాత లేచి బట్టలు ఉతుక్కుంటుంది. నరసాపురం నుంచి సముద్రాలు దాటి స్కోఫీల్డ్స్ వచ్చి స్థిరపడ్డాక, ఎల్సా చేతికి లైసెన్సు వచ్చిన రోజు నుంచీ ఇదే ప్లాను. అమృతం చదివింది పదో తరగతి దాకానే అయినా, కారు ఎన్ని రకాలుగా బోల్తా పడొచ్చో ఆవిడకి క్షుణ్ణంగా తెలుసు.

"ఫోన్ మోగినా ఎత్తకు. నాదైనా ఎత్తకు. రౌండబౌట్ దగ్గర ఆగు."

"ఎవరూ లేకపోతే ఆగక్కర్లేదమ్మా."

"ఎవరూ లేరని నీకేం తెలుసు? వచ్చేవాడు చెప్పి వస్తాడా?"

ఎల్సా కారు తాళాలు అందుకుంది. ఆ పిల్ల మనసంతా మధ్యాహ్నం మూడు గంటల మీదే ఉంది. ఇంజనీరింగు చివరి ఏడాది ప్రాజెక్టు ఆ రోజుతో ముగియాలి. కార్లు అమ్మే ముందు బొమ్మల్ని కూర్చోబెట్టి గుద్ది చూస్తారు కదా, చాలాకాలం ఆ బొమ్మలు ఎక్కువగా ఒకే రకం మగవాడి కొలతల్లో ఉండేవి. పొట్టివాళ్ళూ, లావుపాటివాళ్ళూ, ముసలివాళ్ళూ, చీర కట్టేవాళ్ళూ కూర్చుంటే బెల్టు ఎక్కడ పడుతుందో చూడటం ఎల్సా పని. ప్రొఫెసరమ్మ ఒక్కటే మాట అంది: "నీ బొమ్మ ఒక్క మనిషిది. పదిమంది వేరువేరు మనుషుల కొలతలు లేకుండా రిపోర్టు తీసుకోను." తీసుకోకపోతే ఏడాది పోయినట్టే.

ఎల్సా మూడు ఆదివారాలు చర్చిలో ఆంటీలని బతిమాలింది. 'బరువు కూడా చూస్తాం' అనగానే, ఆశీర్వాద ప్రార్థన అయ్యాక కూడా అంత తొందరగా ఖాళీ అవని హాలు నిమిషంలో ఖాళీ అయింది.

"ఎవరైనా ఒప్పుకున్నారా అమ్మా?"

"కరోలిన్ వదినని మళ్ళీ అడిగాను. తన బరువు ప్రభువుకి తప్ప ఎవరికీ తెలియకూడదంట."

ఎల్సా నిట్టూర్చి గరాజులోకి వెళ్ళింది. అక్కడ దుప్పటి కింద తల్లికి తెలియని రహస్యం ఒకటి ఉంది. అమృతం కొలతలతో, అంటే నాలుగడుగుల పది అంగుళాలతో, ఆ పిల్ల ఒక బొమ్మని తయారు చేసింది. దానికి తల్లి పాత తెల్లచీర కట్టింది. తనలాంటి బొమ్మని బండిలో పెట్టి గుద్దుతారని తెలిస్తే అమృతం ఉపవాసం మొదలుపెడుతుందని చెప్పలేదు. వెనక సీటు నిండా చార్టులు ఉండటంతో బొమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. చివరి క్షణంలో, బట్టలన్నీ అమ్మవే అయితే బాగుంటుందని, తలుపు దగ్గర కొక్కేనికి ఉన్న మెరూన్ స్వెటర్ కూడా తెచ్చి తొడిగింది. మూడో గుండీ ఆకుపచ్చది, అమృతం స్వయంగా కుట్టుకున్నది. సంఘం మొత్తానికీ ఆ స్వెటర్ తెలుసు.

స్వెటర్ జేబులో అమృతం ఫోన్ ఉంది. అది మాత్రం ఎల్సాకి తెలియదు.

స్కోఫీల్డ్స్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. బొమ్మ మెడ కాస్త వదులు. తల గుండెల మీదకి వాలిపోయింది. ఎల్సా గడ్డం పట్టుకుని ఎత్తింది. మళ్ళీ వాలింది. ఇంకోసారి ఎత్తింది, మళ్ళీ వాలింది. చివరికి పైటకొంగు తీసి ముఖం మీదకి పూర్తిగా లాగేసి, ఒళ్ళో ఉన్న టోస్టు కొరికింది.

ఎదురు లైన్లో ఆగిన కారులోంచి కరోలిన్ ఇదంతా చూసింది. టోస్టుతో సహా చూసింది.

లైటు మారి కార్లు కదిలిపోయాయి. పక్కకి తీసి ఆపుకుని ఆవిడ ఎల్సాకి ఫోన్ చేసింది. డ్రైవింగులో ఎత్తకూడదని తల్లి ఆజ్ఞ. అమృతం నంబరుకి చేసింది. అది బొమ్మ జేబులో మోగి మోగి ఊరుకుంది. బస్సు డ్రైవరుగా పనిచేసే అమృతం భర్త లాజరస్‌కి చేసింది. డ్యూటీలో ఆయన ఫోన్ లాకర్లో ఉంటుంది. ముగ్గురూ ఎత్తలేదంటే ఇక అనుమానమేముంది?

వాళ్ళ సంఘంలో ఒక నియమం ఉంది. ఒకసారి ఎవరి గాల్ బ్లాడర్ జబ్బో ప్రార్థనకి వచ్చి, కబుర్లలో పిక్నిక్ దాకా ఊరేగింది. అప్పట్నుంచీ ప్రార్థన గ్రూపులో ఎవరి పేరూ రాయకూడదని పాస్టరు గారు ఆజ్ఞాపించారు. అందుకని కరోలిన్ ఎవరి పేరూ లేకుండా మెసేజ్ పెట్టేది. ఆ వెంటనే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పేరు చెప్పేది. ఆ రోజూ అంతే చేసింది:

'మన సహోదరి ఒకరు ఈ ఉదయం కారులోనే ప్రభువు సన్నిధికి చేరారు. పదకొండున్నరకి ఆ ఇంటికి వెళ్దాం. తలా ఒక వంట తెండి.'

ప్రార్థన ముగించి లేచిన అమృతం ఫోన్ కోసం ఇల్లంతా వెతికి, దొరక్క, ఐప్యాడ్ తెరిచింది. మెసేజ్ చూసి సోఫాలో కూలబడింది. కార్లో! ఆవిడ భయపడుతూ వచ్చింది ఇందుకే కదా. నోటిమాటని అక్షరాలు చేసే మైకు గుర్తు నొక్కి చెప్పింది: "అయ్యో ప్రభువా. నా వంతు చికెన్ బిరియాని."

ఐప్యాడ్ లాజరస్ పేరు మీద ఉంది. కాబట్టి గ్రూపులో అందరికీ కనిపించింది ఇది: లాజరస్ — అయ్యో ప్రభువా. నా వంతు చికెన్ బిరియాని.

'ఎంత విశ్వాసం!' అని ఒకావిడ రాసింది. 'అన్ని కష్టాలూ ఓర్చిన యోబు గారి తర్వాత ఈయనే' అని ఇంకొకావిడ రాసింది. వీళ్ళెవరి గురించి మాట్లాడుతున్నారో అమృతానికి అర్థం కాలేదు. ఉల్లిపాయలు తరుగుతూ మళ్ళీ మైకు నొక్కింది.

లాజరస్ — పాపం, ఆవిడకి పిల్లలెంతమంది?

దుఃఖంలో ఆయనకి మతి చలించిందనుకున్నారు అందరూ. తర్వాత కరోలిన్ చాలా నెమ్మదిగా రాసింది: 'ఒక్కతే కూతురు. చదువుకుంటోంది.'

అమృతం కత్తి కింద పెట్టి ఏడ్చింది. ఒక్కతే కూతురు, చదువుకుంటోంది, అచ్చం మన ఎల్సాలాగే! ఆ పిల్లకి వేళకి ఇంత అన్నం ఎవరు పెడతారు? ఆ ఏడుపులో బిరియానిలో ఉప్పు వేసిందో లేదో ఆవిడకి గుర్తులేదు. పదకొండింటికి తెల్లచీర కట్టుకుని మరో మెసేజ్ పెట్టింది: 'నాకు కారు లేదు. ఎవరైనా తీసుకెళ్తారా?'

'మీరు కదలొద్దు. మేమే వస్తున్నాం.'

నాలుగు కార్లు వచ్చి ఇంటి ముందు ఆగాయి. పదకొండు మంది ఆడవాళ్ళు ట్రేలు పట్టుకుని దిగారు. వరండాలో తెల్లచీరలో, ఒళ్ళో బిరియాని గిన్నెతో, కళ్ళు తుడుచుకుంటూ అమృతం కూర్చుని ఉంది.

కరోలిన్ చేతిలో గారెల ట్రే డ్రైవ్‌వే మీద పడింది.

"యేసయ్యా! లేచింది!"

"ఎవరు లేచారు వదినా? ఇంతకీ పోయిందెవరు?"

"నువ్వే!"

"నేనా? నాకెవరూ చెప్పలేదే!"

"పొద్దున్న సిగ్నల్ దగ్గర నా కళ్ళారా చూశానమ్మాయ్. నీ స్వెటరు, ఆకుపచ్చ గుండీ, నీ తెల్లచీర. ఎల్సా పక్క సీట్లో మెడ వాల్చేశావు. పిల్ల రెండుసార్లు నీ తల ఎత్తి చూసి, ఇక లాభం లేదని ముఖం కప్పేసింది."

అమృతం కొక్కెం వైపు చూసింది. స్వెటర్ లేదు. ముఖం పాలిపోయింది.

"నేను ఇక్కడున్నాను. మరి నా కూతురు కార్లో ఉన్న మనిషెవరు?"

 అమృతం బుర్రలో సినిమా అంతా నడిచిపోయింది: రౌండబౌట్, ఆగకపోవడం, ఎవరో ముసలావిడ, చలికి వణుకుతోందని స్వెటర్ కప్పిన తన పిల్ల, ఆ తర్వాత పోలీసులు, జైలు.

"పదండి. నా పిల్ల దగ్గరికి పదండి!"

"బిరియాని?"

"తెండి! పొద్దుట్నుంచీ అది ఏమీ తిని ఉండదు!"

నాలుగు కార్లూ యూనివర్సిటీ దారి పట్టాయి. దారి పొడుగునా కరోలిన్ ఫోన్లోంచి ఎల్సాకి ఇరవై రెండుసార్లు చేశారు. ఎత్తలేదు. ల్యాబులో ఫోన్లు లోపలికి రానివ్వరు.

దారి తప్పి, పార్కింగు వెతుక్కుని, ల్యాబు ఎక్కడో నలుగుర్ని అడిగి, రెండింటికి కొంచెం ముందు అమృతం ల్యాబు తలుపు తోసింది. ఎదురుగా అద్దం వెనక పట్టాల మీద ఒక బండి. బండిలో సీటు. సీటులో అమృతమే, అదే స్వెటరు, అదే చీర. ఆవిడ నోరు తెరిచేలోగా బండి దూసుకెళ్ళి ధన్‌మని ఆగింది. నడుం దగ్గర ఉండాల్సిన బెల్టు పొట్ట మీదకి జారింది. పై బెల్టు మెడకి కోసుకుంది. బొమ్మ సగం సీటు కిందకి వెళ్ళిపోయింది.

"నాయనో, మళ్ళీ పోయాను!" అని అరిచింది అమృతం.

ఎల్సా వెనక్కి తిరిగింది. "అమ్మా? నువ్విక్కడేంటి?"

అమృతం బొమ్మని పట్టించుకోలేదు. కూతురి తల తడిమింది, చేతులు తడిమింది, వేళ్ళు లెక్కపెట్టింది. అన్నీ ఉన్నాయి. అప్పుడు నేల మీదే కూర్చుని గట్టిగా ఊపిరి వదిలింది. "దేవుడికి స్తోత్రం. ఎవర్నీ గుద్దలేదు కదే?"

"నిన్నే గుద్దానమ్మా. ఇప్పుడే." ఎల్సా పక్కన చతికిలబడింది. "సారీ. నువ్వు భయపడతావని చెప్పలేదు. కానీ చూశావుగా, బెల్టు నీ మెడ మీదకి వస్తుంది. నాన్నలాంటి వాళ్ళ కోసం గుద్ది చూశారు. నీ కోసం ఎవరూ చూడలేదు. ఎవరో ఒకరు చూడాలి కదా?"

ఇన్నేళ్ళూ కారంటే తన భయం ఉత్త పిరికితనమని అందరూ నవ్వారు. ఆ భయానికి కొలతలున్నాయని అమృతానికి మొదటిసారి తెలిసింది. కళ్ళు తుడుచుకుని అడిగింది: "పదిమంది దొరికారా?"

"లేదు. మూడింటికి అయిపోతుంది. నా ఇయర్ గాన్ అమ్మా."

అప్పుడు ల్యాబులోనే ఓ పక్కన ఉన్న ప్రొఫెసరమ్మ తలుపు వైపు చూసింది. అక్కడ పదకొండు మంది నిలబడ్డారు. పొడుగు, పొట్టి, సన్నం, లావు, చీరలు, చుడీదార్లు, చేతికర్రతో డెబ్బై రెండేళ్ళావిడ ఒకరు, ఏడో నెల కడుపుతో ఒకరు. అందరి చేతుల్లో ట్రేలు.

"వీళ్ళంతా ఎవరు?" అని అడిగింది ఇంగ్లీషులో.

"నా అంత్యక్రియలకి వచ్చినవాళ్ళు," అంది అమృతం. ఎల్సా దాన్ని ఇంగ్లీషులో 'వాలంటీర్స్' అని చెప్పింది.

కరోలిన్ రెండడుగులు వెనక్కి వేసింది. "బరువంటే మాత్రం నా వల్ల కాదమ్మాయ్."

"ఆంటీ, ఫారం మీద పేరుండదు. నంబరు మాత్రమే. ఎవరిదో ఎవరికీ తెలీదు."

"పేరు లేకుండానా? మన గ్రూపులాగా?"

"అవునాంటీ. కానీ తర్వాత ఎవరూ ఫోన్ చేసి చెప్పరు."

పొద్దుట్నుంచీ తను చేసిన ఫోన్లు గుర్తొచ్చి కరోలిన్ తల దించుకుంది. చెప్పులు విప్పి మొదట తనే తూకం ఎక్కింది. రెండు యాభై ఐదుకి పన్నెండు ఫారాలు నిండాయి. పన్నెండోది అమృతానిది. ప్రొఫెసరమ్మ రెండోసారి పులిహోర వడ్డించుకుంటూ రిపోర్టు తీసుకుంది.

సాయంత్రం లాజరస్ డ్యూటీ దిగి, లాకర్లోంచి ఫోన్ తీసి, తన విశ్వాసాన్ని పొగుడుతూ వచ్చిన నలభై మెసేజ్‌లు చదివి, అయోమయంగా ఇంటికి వచ్చాడు. అమృతం మిగిలిన బిరియాని వడ్డించింది.

"ఎవరే పోయింది?"

"నేనే."

"మరి ఇదెవరు వండారు?"

"నేనే."

లాజరస్ ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు తగ్గింది," అన్నాడు.