చివరి స్టాపులో చప్పట్లు

ఇకమీదట మన నగరంలో కృతజ్ఞత లేని మనిషి ఉండటానికి వీల్లేదని బస్సుల సంస్థ చైర్మన్‌గారు ఒక సోమవారం ఉదయం కాఫీ తాగుతూ నిర్ణయించారు. కప్పు కిందపెట్టే లోపలే అది సర్క్యులర్ అయింది. "ఎండనక వాననక ప్రజలను గమ్యం చేర్చే మన సిబ్బంది త్యాగమూర్తులు. వారి సేవకు వెల కట్టడం ఎవరి తరమూ కాదు. కావున వారికి ప్రతి సాయంత్రం చప్పట్లు కొట్టవలెను" అని అందులో రాశారు. వెల కట్టలేని సేవకి చప్పట్లెలా సరిపోతాయని అడిగే అవివేకి ఆ ఆఫీసులో ఒక్కడూ లేడు. ఉంటే అప్పటికే ఏ మారుమూల డిపోకో బదిలీ అయ్యుండేవాడు.

చప్పట్ల వార్త చివరి స్టాపుకి చేరేసరికి కండక్టరమ్మ మరో వార్త కోసం ఎదురుచూస్తోంది.

కండక్టరమ్మని ఎరగనివాళ్ళు ఆ రూటులో లేరు. ఊపిరాడని బస్సులో కూడా ఈ చివర మునిగి ఆ చివర తేలుతుంది. టిక్కెట్టు తీసుకోనివాడు సీటు కింద దూరినా, వాడి గుండె దడని బట్టి పట్టేస్తుందని చెప్పుకుంటారు. అంతటి మనిషికీ ఒక్క భయం ఉంది. మంచినీళ్ళంటే భయం. డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా గుక్కెడు ముట్టదు. కారణం చిన్నదే. చివరి స్టాపులో బస్సు తిరగడానికి చోటుంది, బోర్డుంది, బెంచీ ఉంది, మరుగుదొడ్డి లేదు. మగవాళ్ళకి దేవుడు ప్రపంచం నిండా గోడలు కట్టించాడు. ఆడమనిషి ఎక్కడికి పోతుంది?

అందుకే ఆవిడ ఇంటికొచ్చే వేళకి స్నానాలగది ఖాళీగా ఉండాలని ఆ ఇంట్లో కట్టుబాటు. ఒకసారి మామగారు ఒళ్ళంతా సబ్బు రాసుకుని రాగం తీస్తూ ఆ వేళ మరిచిపోయారు. వీధిలో కోడలి చెప్పుల చప్పుడు వినపడగానే తువ్వాలు చుట్టుకుని బకెట్టుతో సహా పెరట్లోకి ఒక్క గెంతు గెంతారు. ఆ గెంతుకి పక్కింటి పిల్లి మళ్ళీ ఆ గోడెక్కలేదని అత్తగారు ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

కోడలు మాత్రం నవ్వదు. కిందటి వేసవిలో ఒంట్లో నీరు లేక నడిచే బస్సులోనే కళ్ళు తిరిగి పడిపోయింది. ఇలాగే చేస్తే మూత్రపిండాలు పాడవుతాయని డాక్టరు తేల్చి చెప్పాడు.

"మళ్ళీ వేసవొచ్చేలోగా అక్కడ ఏదో ఒక ఏర్పాటు చేయించుకో. లేకపోతే ఉద్యోగం మానెయ్" అన్నాడు మొగుడు.

"మానేసి?"

"ఇంట్లో ఉండు. మీ మామగారికి గెంతే బాధ తప్పుతుంది."

ఆవిడకి ఆ ఉద్యోగమంటే ప్రాణం. మరుగుదొడ్డి కట్టించమని డిపో మేనేజరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. మేనేజరు మెత్తటి మనిషి. ఎవరేం అడిగినా "చూద్దామమ్మా" అంటాడు. ఆయన చూస్తూ చూస్తూ ఉండగానే జుట్టు నెరిసింది.

ఇలా ఉండగా ఒకనాడు చివరి స్టాపులో గునపాలు దిగాయి. పునాది తవ్వుతున్నారు. కండక్టరమ్మ బస్సు ఆగకుండానే దూకినంత పని చేసింది.

"ఎవరికోసమండీ ఇది?" అని అడిగింది.

"మీ సిబ్బంది కోసమేనట" అన్నాడు మేస్త్రీ.

ఆ రాత్రి మొగుడి ముందు ఆవిడ తల ఎత్తుకుని అన్నం తింది. వారం తిరిగేసరికి మెట్లు లేచాయి. వాటిపైన స్తంభాలు లేచాయి. ఆవిడకి కాస్త అనుమానమొచ్చి డ్రైవరుని పిలిచింది. చుట్టరికం లేకపోయినా డిపో అంతా ఆ పెద్దాయన్ని బాబాయనే పిలుస్తారు.

"బాబాయ్, మరుగుదొడ్డికి ఇన్ని మెట్లెందుకు?"

"వాననీళ్ళు రాకుండా ఎత్తు లేపుతున్నారేమోనమ్మాయ్."

"గోడలు లేవేం?"

"గాలాడొద్దూ?"

"ముందు ఆ రెయిలింగేమిటి?"

బాబాయి రెయిలింగు వంక కాసేపు చూసి, "ఈ కాలం ఇంజనీర్లు, మనకేం తెలుస్తుందిలే" అన్నాడు. మర్నాడు బోర్డు పెట్టారు. 'కృతజ్ఞతా వేదిక' అని బంగారు రంగు అక్షరాలు.

కండక్టరమ్మ తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళింది. "సార్, నేనడిగింది మరుగుదొడ్డి."

"అది వేరే పద్దమ్మా. దానికి నీళ్ళ గొట్టం కావాలి, మురుగు గొట్టం కావాలి, పై అనుమతి కావాలి. కృతజ్ఞతకి గొట్టాలక్కర్లేదు. అందుకే వెంటనే మంజూరైంది" అన్నాడాయన, అన్నం పెట్టినంత ఆప్యాయంగా.

చప్పట్లు మొదలయ్యాయి. సాయంత్రం బస్సు ఆగగానే డ్రైవరూ కండక్టరూ వేదికెక్కి చిరునవ్వుతో నిలబడాలి. చప్పట్లు ఆగేదాకా దిగకూడదు. మొదట్లో జనం బాగానే వచ్చారు. ఫోటోలు తీసుకున్నారు. తరవాత ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. పౌరులు రాకపోతే ఆఫీసు గుమాస్తాలు కొట్టాలన్నారు. అరచేతులు బొబ్బలెక్కాయని గుమాస్తాలు సెలవు పెట్టారు. చివరికి మేనేజరు ఒక లౌడ్‌స్పీకరు తెప్పించి, చప్పట్లు రికార్డు చేయించి, స్తంభానికి బిగించాడు. ఇక ఎదురుగా మనిషన్నవాడు లేకపోయినా కృతజ్ఞతకి లోటు లేదు. వీధి కుక్కొకటి మాత్రం రోజూ వచ్చి విని వెళ్ళేది.

వేదిక మీద నిలబడినంతసేపు బస్సు కదలదు కదా! తిరుగు ప్రయాణం ఆలస్యమైందని బాబాయికి మెమో వచ్చింది. 'ఆలస్యమునకు కారణము' అన్నచోట ఆయన 'సత్కారము' అని రాసిచ్చాడు. కారణం సంతృప్తికరంగా లేదని ఇంకో మెమో వచ్చింది.

కండక్టరమ్మ బాధ వేరు. ఆ లౌడ్‌స్పీకరు చప్పట్లు దూరాన్నించి వింటే అచ్చం కుళాయి విప్పినట్టుంటాయి. పొద్దుట్నించీ బిగపట్టుకున్న మనిషిని వేదికెక్కించి, చెవిలో జలపాతం పోసి, నవ్వమంటే ఎలా? ఆవిడ చిరునవ్వు చూసి పాపం ఎంత పొంగిపోతోందో అనుకునేవారు దారినపోయేవాళ్ళు. స్టాపు వెనక సందులో మిషను కుట్టే ఒక పెద్దమ్మ మాత్రం పోల్చింది.

"ఏమే, నీది ఆనందమా, అవసరమా?" అని అడిగింది ఒకనాడు.

"అవసరం పెద్దమ్మా."

"ఏడిశావు, రా లోపలికి."

అప్పట్నుంచి పెద్దమ్మ ఇంట్లో ఉంటే కండక్టరమ్మకి గండం గడిచేది. లేనిరోజు జలపాతమే.

వేదికకి ఆరు నెలలు నిండాయని చైర్మన్‌గారు స్వయంగా వస్తున్నట్టు కబురొచ్చింది. కారులో వస్తే నిరాడంబరత ఏముంటుందని బస్సులో బయల్దేరారు. బయల్దేరేముందు అభిమానులిచ్చిన నిమ్మరసాలు ఎవర్నీ నొప్పించకుండా తాగారు. ప్రతి స్టాపులోనూ జనాన్ని పోగుచేసి చప్పట్లు కొట్టించారు. చప్పట్లు ఆగేదాకా బస్సు ఆగాలని రూలు. సగం దారిలో చైర్మన్‌గారు కాలు మీద కాలు వేసుకున్నారు. తరవాత కాళ్ళు మార్చారు. ఆపైన కండక్టరమ్మని సైగ చేసి పిలిచారు.

"అమ్మా, ఇక ఎక్కడా ఆపకుండా పోనివ్వమను."

"ఆపకపోతే మెమో ఇస్తారండి."

"ఎవడిచ్చేది?"

"తమరేనండి. సంతకం తమదే."

చివరి స్టాపులో దిగేసరికి చైర్మన్‌గారి మొహం ఉప్పులో వేసిన ఉసిరికాయలా ముడుచుకుపోయింది. ఎక్కడుందని మేనేజరు చెవిలో అడిగారు. లేదన్నాడు మేనేజరు. "లేకపోవడమేమిటయ్యా, ఇంత స్థలముంటే?" అన్నారాయన. "ఆ స్థలంలోనే సార్ వేదిక" అంటూ మేనేజరు లౌడ్‌స్పీకరు స్విచ్చి నొక్కాడు.

ఆ ధార వినగానే చైర్మన్‌గారు గుటకలు మింగి కండక్టరమ్మ చెయ్యి పట్టుకున్నారు. ఆవిడకి జాలేసింది. ఆ అవస్థ ఆవిడకి కొత్తదా? చకచకా సందులోకి నడిపించింది. మగవాళ్ళని రానివ్వనంటూ పెద్దమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మన చైర్మన్‌గారే పెద్దమ్మా."

"అయితే? ఆయనది వేరే రకమా?"

కండక్టరమ్మ బతిమాలగా పెద్దమ్మ పక్కకి తప్పుకుంది. చాలాసేపటికి చైర్మన్‌గారు కొత్త జన్మెత్తినవాడిలా బయటికొచ్చారు. కళ్ళలో నీళ్ళు. "అమ్మా, ఈ నరకం మీకు రోజూనా? వారం తిరిగేలోగా ఇక్కడ మరుగుదొడ్డి లేస్తుంది. ఇది నా మాట" అన్నారు. కండక్టరమ్మ ఇంటికెళ్ళి మామగారికి కూడా చెప్పేసింది, ఇక గెంతనక్కర్లేదని.

మాట తప్పలేదు మహానుభావుడు. వారంలో గది లేచింది. లోపల పలకలు, అద్దం, సువాసన. గుమ్మానికి తాళం. తాళం పైన 'గౌరవ అతిథులకు మాత్రమే' అని బోర్డు. తాళంచెవి మేనేజరు జేబులో.

"సిబ్బందికిస్తే పాడుచేస్తారమ్మా. అయినా రోజూ కళ్ళారా చూస్తారుగా, ఆ తృప్తి మీదే" అన్నాడాయన.

ప్రారంభోత్సవంలో చైర్మన్‌గారు కొత్త మాట ఒకటి సెలవిచ్చారు. "కృతజ్ఞత ఒకవైపే ప్రవహించకూడదు. మీకోసం ఇంత పాటుపడే పెద్దలు ఈ ఆవరణలో కనిపిస్తే మీరూ చప్పట్లు కొట్టాలి."

కండక్టరమ్మ చెయ్యెత్తింది. "ఎంతసేపు కొట్టాలండి?"

"ఆవరణలో ఉన్నంతసేపూ."

"ఎక్కడున్నా సరేనాండి?"

"ఎక్కడున్నా సరే" అన్నారు చైర్మన్‌గారు. మేనేజరు రాసుకున్నాడు.

మర్నాడు మేనేజరు అటుగా వచ్చి, జేబులోంచి తాళంచెవి తీసి, అతిథిలా లోపలికెళ్ళి గడియ పెట్టుకున్నాడు. కండక్టరమ్మ బాబాయి వంక చూసింది. ఇద్దరూ తలుపు ముందు నిలబడి చప్పట్లు మొదలెట్టారు. ఆగి ఉన్న బస్సుల్లోంచి మిగతా డ్రైవర్లు దిగారు. ప్రయాణికులు ఏమిటని అడగలేదు. అందరూ కొడుతుంటే కొట్టడం వాళ్ళకి అలవాటైపోయింది. ఎవరో లౌడ్‌స్పీకరు కూడా వేశారు. లోపల్నించి చిన్న అలికిడి కూడా లేదు. అంతమంది మెచ్చుకుంటుంటే ఏ పనీ సాగదు, కావాలంటే మీరూ చేసి చూడండి.

"ఆపండయ్యా" అని వినపడింది చివరికి.

"తమ వినయం మాకు తెలీదాండి?" అన్నాడు బాబాయి, ఇంకాస్త గట్టిగా కొడుతూ.

మేనేజరు ఎలా వెళ్ళినవాడు అలాగే బయటికొచ్చాడు. ఆ తరవాతి రోజుల్లో వచ్చిన ఇంజనీరుకీ అదే మర్యాద జరిగింది. అసలు సంగతేమిటో తేల్చుకుందామని చైర్మన్‌గారే వచ్చారు. వచ్చినవారు ముందు లోపలికెళ్ళారు. అదే ఆయన చేసిన పొరపాటు. అప్పటికి ఆ వాడంతా తలుపు ముందుంది. పెద్దమ్మ కుట్టుపని పక్కన పడేసి వచ్చింది.

"కండక్టరమ్మా" అన్నారు చైర్మన్‌గారు లోపల్నించి, గొంతు తగ్గించి. "వీళ్ళని పంపించవూ?"

"రూలండి. గౌరవ అతిథికి కొట్టకపోతే మా ఉద్యోగాలు పోతాయి."

"మరెలా?"

"ఒక దారుందండి. ఈ గది అతిథులది కాక అందరిదీ అయిందనుకోండి, లోపలున్నది ఎవరో మాకేం తెలుస్తుంది? తెలియనివాళ్ళకి చప్పట్లు కొట్టమని సర్క్యులర్లో లేదు."

బాబాయి రెండు చేతులూ పైకెత్తి, జనం వైపు తిరిగి, మళ్ళీ కొట్టమన్నట్టు సైగ చేశాడు.

"అందరిదీ!" అని కేక వినపడింది. "అందరిదీ చేసెయ్యండి. ఆ బోర్డు పీకెయ్యండి."

బాబాయి జేబులో స్క్రూడ్రైవరు ఉండనే ఉంది. మరలు ఊడుతున్న చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేకుండా జనం గౌరవంగా వెనక్కి జరిగారు.

వారం తిరక్కుండా పేపర్లో పడింది: సిబ్బంది అడక్కుండానే, వారి కష్టం కనిపెట్టి, తన గదినే త్యాగం చేసిన చైర్మన్. ఆ త్యాగానికి కృతజ్ఞతగా చివరి స్టాపులో సభ పెట్టారు. చైర్మన్‌గారు వేదికెక్కి చిరునవ్వుతో నిలబడ్డారు. ఫోటో తీసేవాడు గురి చూసుకున్నాడు. "ఊఁ, చప్పట్లు" అన్నాడు మేనేజరు.

ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఏమయ్యా?" అన్నాడు మేనేజరు బాబాయి వైపు వంగి.

"మొదలెట్టాల్సింది కండక్టరమ్మండి. ఆమె కోసమే కదా కట్టారు."

"మరి ఏదీ ఆవిడ?"

బాబాయి మూసి ఉన్న తలుపు వైపు గడ్డంతో చూపించాడు. "లోపలుంది. కాస్త ఓపిక పట్టండి సార్, ఎన్నాళ్ళకో వెళ్ళింది."

చైర్మన్‌గారు చిరునవ్వు చెదరకుండా నిలబడే ఉన్నారు. కండక్టరమ్మ ఏమీ తొందరపడలేదు.