కూర్మయ్యను తట్టే పద్ధతి

ఒక పెద్ద అడవిలో వరాలు అనే ఉడత ఉండేది. రోజంతా గలగలా వాగే వరాలు ఒక్క మాట మాత్రం ఇంతవరకూ పైకి అనలేదు. అడవి మొత్తానికీ తను పెట్టిన పద్ధతి, ఒకే ఒక్క ఏనుగును చూసి పెట్టినదని.

ఆ అడవిలో ఆకుల మీద ఏం రాసినా చెదలు తినేసేవి. అందుకని పంచాయతీ తీర్మానాలన్నీ ఒక ముసలి ఏనుగు బుర్రలో దాచేవారు. ఏనుగు దగ్గరికెళ్లి నేరుగా అడిగే ధైర్యం ఎవరికుంటుంది? ఆ పని వరాలు నెత్తికెత్తుకుంది. దానికి ఎవరూ నేర్పలేదు. మూడు నెలలు ఏనుగు వెనకాలే తిరిగి, కాలి మీద మూడుసార్లు తట్టి అడిగితే టక్కున చెబుతుందని తనంతట తనే కనిపెట్టింది.

"మూడుసార్లు తట్టు. అడుగు. పది లెక్కపెట్టు. జవాబు రాకపోతే దాఖలా లేనట్టే," అని పంచాయతీ సభలో చెప్పింది.

అధ్యక్షుడు ఎలుగుబంటి ఆవులిస్తూ, "ఈ పద్ధతి ఎవరి దగ్గరైనా పనిచేస్తుందా అమ్మాయ్?" అని అడిగాడు.

"ఎవరి దగ్గరైనా సార్," అంది వరాలు. ఎందుకలా అందో తనకే తెలీదు. ఎలుగుబంటి పంజా ముద్ర వేశాడు. పద్ధతి కాస్తా చట్టమైపోయింది.

ఆ వేసవిలో ఏనుగు తన మందతో కొండ అవతలికి వెళ్లిపోయింది. వెళ్లేముందు బుర్రలో ఉన్నదంతా కూర్మయ్య అనే తాబేలుకు అప్పజెప్పింది. అందుకు నెల పట్టింది గానీ, కూర్మయ్య ఒక్క ముక్క కూడా జారనివ్వలేదు.

మొదటి రోజు వరాలు కూర్మయ్య డిప్ప మీద మూడుసార్లు తట్టింది. కూర్మయ్య తల లోపలికి లాగేసుకున్నాడు. వరాలు పది లెక్కపెట్టింది.

"దాఖలా లేదు," అంది.

ఇదంతా కార్యదర్శి పానకాలు గారు చూస్తూనే ఉన్నాడు. ఆయన ముంగిస. తోక దువ్వుకోనిదే పంచాయతీ ఆఫీసుకు రాడు.

"సార్, పద్ధతి కాస్త మారిస్తే..." అని వరాలు నసిగింది.

"బంగారంలాంటి పద్ధతమ్మా! అధ్యక్షుల వారి పంజా పడ్డాక మార్చడమంటే, ఆయన పంజాను తప్పుపట్టడమే. అంత మాట నువ్వంటావా?"

వరాలు తల ఊపి తర్వాతి ప్రశ్న అందుకుంది.

అప్పట్నించీ పానకాలు గారికి ఇష్టంలేని ప్రశ్నలన్నీ చకచకా తెమిలిపోయాయి. కప్పలకిస్తామన్న మడుగు సంగతేమిటి? తట్టు, పది, దాఖలా లేదు. కుందేళ్ల గడ్డి బీడు? అదీ లేదు.

ఒకరోజు ఒళ్లంతా పొలుసులున్న గురవమ్మ అనే అలుగు వచ్చింది. తోక మీద చంటిపిల్ల అతుక్కుని ఉంది.

"అమ్మాయ్, పానకాలు గారి బావమరిది నా బొరియలో దిగిపోయాడు. ఇది నీదని ఎవరన్నారంటున్నాడు. పంచాయతీ నాకిచ్చినప్పుడు నువ్వక్కడే ఉన్నావు కదా తల్లీ. కూర్మయ్య తాతనడుగు."

వరాలు తట్టింది. తల లోపలికి పోయింది. ఎంత సాగదీసి లెక్కపెట్టినా పది తర్వాత ఇంకేం లేదు.

"దాఖలా లేదు."

గురవమ్మ అరుస్తుందేమో అనుకుంది. అరిస్తే బాగుండేది. "తాత పెద్దాడైపోయాడు, నువ్వు మాత్రం ఏం చేస్తావులే," అని పిల్లను సర్దుకుని వెళ్లిపోయింది. వాన కురిసే రోజులు. చెల్లెలి ఇంటి చూరు కింద తలదాచుకుందని తర్వాత అక్కణ్నించి ఆఫీసుకు ఫోనొస్తే తెలిసింది.

ఆ మధ్యాహ్నం వరాలుకు ముద్ద దిగలేదు. చేతిలోని నేరేడుపండు విసిరేస్తే వెళ్లి కూర్మయ్య ముందు పడింది. కాసేపటికి తల బయటికొచ్చింది. పండు నిదానంగా నమిలాడు.

"ఆ బొరియ... మద్దిచెట్టు కింద... ఉత్తరం వైపుది... గురవమ్మకే. బతికున్నన్నాళ్లూ."

వరాలు ఎగిరిపడింది. "తాతా! మరి అడిగినప్పుడు చెప్పవేం?"

"తడతావు కదే పిల్లా. తడితే... ఏ నక్కో అనుకుంటాను. నా పుట్టుకే అంత. ఏనుగుది మందపు తోలు, తడితే గానీ తెలీదు. నాకైతే... ఏదైనా పెట్టి, ఊరికే కూర్చో."

ఇంతేనా! ముందు ఎదురుగా ఉన్నది ఎవరో చూడాలి, ఆ తర్వాత వాళ్లకు తగ్గట్టు అడగాలి. పద్ధతికి ఒక్క మాట కలిపితే సరిపోతుంది. కానీ అది కలపాలంటే నలుగురిలో నిలబడి, మొదటిది తప్పని చెప్పుకోవాలి. రేపు చెబుదాంలే అనుకుంది. అలా తొమ్మిది రేపులు గడిచాయి.

పదో రోజు సభలో ఎలుగుబంటికి ఉన్నట్టుండి మెలకువ వచ్చింది.

"పానకాలూ, నిన్ను కార్యదర్శిగా మూడేళ్లకేగా వేసింది?"

"అయిదేళ్లకు సార్!"

"అయితే అడిగించు."

వరాలు తట్టింది, పది లెక్కపెట్టింది. "దాఖలా లేదు సార్."

"మూడేళ్లని లేదా, అయిదేళ్లని లేదా?"

"అసలు వేసినట్టే లేదు సార్."

కప్పలు పగలబడి నవ్వాయి. పానకాలు గారి తోక వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. "పద్ధతే తప్పు సార్! తాబేలును తట్టకూడదు! మొదటి రోజే చూశాను నేను!"

"చూసి?" అన్నాడు ఎలుగుబంటి.

పానకాలు గారు తోక దువ్వుకోసాగాడు.

"ఆ పద్ధతి మీద నా పంజా ఉంది. నా పంజాను తప్పుపడుతున్నావా?"

వేసినట్టు దాఖలా లేని కార్యదర్శి కార్యదర్శే కాదని తేల్చేశాడు. పొద్దువాలకముందే కుర్చీ ఖాళీ అయింది. పద్ధతికి మాత్రం సభ జేజేలు కొట్టింది. ఇంత గొప్పదాన్ని ఎన్నటికీ మార్చకూడదని ఎలుగుబంటి ఇంకో పంజా వేశాడు. కుందేళ్లు వరాలు మెడలో గడ్డిపూల దండ వేశాయి.

బావమరిదిని ఎవరూ కదపలేదు. బొరియ గురవమ్మదన్న దాఖలా లేదు మరి.

దండ దురద పెడుతోంది. వరాలు దాన్ని తీసి పక్కన పడేసింది. ఇప్పుడు నోరు విప్పితే రెండు పంజాలనూ తప్పుపట్టినట్టే. పానకాలు గారికి ఏమైందో ఇందాకే చూసింది. బయట మళ్లీ చినుకులు మొదలయ్యాయి. ఆఫీసు ఫోను వంక చూసి, చూపు తిప్పుకుని, మళ్లీ చూసింది. "తప్పు తాతది కాదు గురవమ్మా, నాది. రేపు సభకు రా, అందరిముందూ చెబుతాను." చెప్పాల్సింది ఇంతే, రెండు ముక్కలు. గురవమ్మ చెల్లెలింటికి ఫోన్ చేయాల్సిందే అనుకుని లేచింది.

నీతి: తాబేలుకు మతిమరుపని రుజువు చేయాలంటే డిప్ప మీద మూడుసార్లు తట్టండి చాలు, పద్ధతి ఎన్నడూ తప్పు కాదు.