అక్షింతల్లో చిప్పు

ఆ ఉదయం దుర్గారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ తినాలి, చిప్పున్న డబ్బా తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాలి, డెమో ముగించాలి, మధ్యాహ్నానికల్లా హాయిగా ఊపిరి పీల్చుకోవాలి. అంతే.

కువైట్‌లోని మిర్కాబ్‌లో వైద్య పరికరాలు అమ్మే ఒక కంపెనీలో అతను టెక్నీషియన్. ఆ చిప్పు బియ్యపు గింజలో సగం ఉంటుంది, పైన పసుప్పచ్చటి పూత. సన్నటి గొట్టం కొసన దాన్ని అతికించి రోగి ఒంట్లోకి పంపితే, ఎమ్మారై యంత్రంలో ఆ కొస ఎక్కడుందో తెర మీద చుక్కలా కనబడుతుంది. కంపెనీకి వచ్చిన నమూనా అదొక్కటే. దుర్గారావును ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా నెలాఖరుకు అయిపోతుంది. "డెమో బాగుంటే ఇఖామా, లేకపోతే ఖలాస్" అని, దానికి హామీదారుగా ఉన్న కఫీల్ నవ్వుతూ చెప్పాడు. అందుకే డబ్బాను ఆఫీసులో వదలక ఇంటికి తెచ్చి, దేవుడి అరలో పెట్టాడు.

స్నానం చేసి వచ్చేసరికి మేనత్త బుల్లెమ్మ అక్షింతల పళ్ళెంతో సిద్ధంగా ఉంది. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో వంట చేసే ఆవిడ, ఒక్కరోజు సెలవు దొరికి నిన్న వచ్చింది, ఈ పొద్దున్నే తిరిగి వెళ్ళాలి. కాళ్ళకు దణ్ణం పెట్టిన మేనల్లుడి ఉంగరాల జుట్టు మీద గుప్పెడు కుమ్మరించింది.

"దులుపుకోకురా. సాయంత్రం దాకా ఉండనీ. అమ్మోరే సూసుకుంటాది."

ఇడ్లీ తిని, ట్రాఫిక్ దాటుకుని గంటన్నర తర్వాత ఆసుపత్రి ముందు కారాపి, దుర్గారావు డబ్బా మూత తీశాడు. లోపల నాలుగు పసుపు బియ్యపు గింజలున్నాయి. చిప్పు లేదు. గింజలను గోటితో తిప్పి తిప్పి చూశాడు. నాలుగూ అన్నం వండుకునేవే. వెంటనే భార్య సత్యశ్రీకి ఫోన్ చేశాడు.

"మీరు స్నానంలో ఉంటే అత్తయ్యగారు ఆ డబ్బాకీ అక్షింతలేశారండీ. మూతెట్టుంటే దేవుడికెలా కనపడుద్దని తీయించారు. తర్వాత కాలికింద పడతాయని డబ్బాలోవి చేతికందినన్ని ఏరి పళ్ళెంలో వేసుకున్నారు."

"పళ్ళెం ఏదీ?"

"ఖాళీయే. అడుగున రాయిలాంటిదేదో కనబడింది గానీ, మిగిలినవాటితో కలిపి పొట్లం కట్టుకెళ్ళిపోయారు."

దుర్గారావు పైప్రాణాలు పైనే పోయాయి. సల్వాకు ఫోన్ చేశాడు.

"ఆ పొట్లమా? మేడ మీద పావురాలకేసేశానురా. పుణ్యం కదా" అంది బుల్లెమ్మ.

"అత్తా! అందులో నా ఉద్యోగముంది! ఏ పావురం తిందో చూశావా?"

"అన్నీ తిన్నాయి నాన్నా. ఒకటి మాత్రం దగ్గింది."

"దాన్ని పట్టుకో! నీ కాళ్ళు కడిగి నెత్తిన పోసుకుంటాను, పట్టుకో!"

అంతలో మేనేజర్ అన్వర్ బాషా ఫోన్. ఆయనది కడప. "యాడుండావప్పా? డాక్టరమ్మ ఎదురు చూస్తాంది. చిప్పు జాగ్రత్తగా ఉండాదా?"

"భద్రంగా ఉంది సార్" అన్నాడు దుర్గారావు.

లిఫ్టులో ఉండగా బుల్లెమ్మ మళ్ళీ చేసింది. ఆయాసపడుతోంది. "దుప్పటేసుకుని దాని ఎనకాల పరిగెత్తుతుంటే మా మామా, అదే ఇంటి యజమానమ్మ, సూసేసిందిరా. నాకు పావురం కూర తినాలనుందనుకుంది, పిచ్చి తల్లి! డజను తెమ్మని డ్రైవర్ని పంపింది. ఇప్పుడయ్యన్నీ వండేది నేనే!"

ఇక దిక్కులేదు. ఖాళీ గొట్టంతోనే లోపలికి వెళ్ళి, చుక్క రాకపోతే నేరం యంత్రం మీదికి నెట్టాలని నిశ్చయించుకున్నాడు. ఎమ్మారై గది గుమ్మం దగ్గర ఇనుము పసిగట్టే పరికరం అతన్ని చూసి కుయ్యిమనలేదు. యంత్రం లోపల జెల్లీ నింపిన ప్లాస్టిక్ బొమ్మ పడుకుని ఉంది. దుర్గారావు తల లోపలికి వంచి, కళ్ళు మూసుకుని, బొమ్మ పొట్టలోకి గొట్టం తోశాడు.

"దుర్గారావూ, చుక్క వచ్చింది!" అద్దం అవతలి నుంచి మైకులో అన్వర్ బాషా. "అయితే బొమ్మలో లేదప్పా. బొమ్మకు జానెడు పైన, గాల్లో ఆడతాండాది!"

దుర్గారావు ఉలిక్కిపడి తలెత్తాడు. "పైకి పోయింది!" అని మైకు అరిచింది. తల వంచాడు. "దిగింది!"

అప్పుడు తెలిసింది అతనికి, అమ్మవారు దాన్ని ఎక్కడ దాచిందో. మైకులో డాక్టరమ్మ గొంతు వినబడింది. తల ఎడమకు తిప్పమంది. కుడికి తిప్పమంది. ఇఖామాకు మనసులోనే నీళ్ళు వదులుకుని, చెప్పినట్టల్లా గంగిరెద్దులా తలూపాడు.

డాక్టరమ్మ, ఆవిడ వెనకే అన్వర్ బాషా గబగబా లోపలికి వచ్చారు. దుర్గారావు క్షమించమని అడగడానికి నోరు తెరిచాడు.

"కదలని బొమ్మలో చుక్క చూపించిన కంపెనీలు చాలా వచ్చాయి. కానీ రోగి కదులుతాడు, ఊపిరి తీస్తాడు. కదిలే మనిషి మీద చూపించింది మీరొక్కరే" అని ఆవిడ కరచాలనం చేసింది. తర్వాత అతని జుట్టు వైపు వింతగా చూసింది. "ఈ బియ్యం ఎందుకు?"

దుర్గారావు తల తడుముకున్నాడు. అన్వర్ బాషా మాత్రం తడుముకోలేదు. "ఇన్ని గింజల మధ్య కూడా చిప్పు ఒక్కటే పలుకుతుందని చూపడానికి, మేడం."

ఆ సాయంత్రం ఇఖామా కాగితాలు కఫీల్ సంతకానికి వెళ్ళాయి. సల్వాలో బుల్లెమ్మ మేనల్లుణ్ణి తిట్టుకుంటూ డజను పావురాలు వండింది. డెమో ఉన్న రోజున దుర్గారావు తల దువ్వుకోకూడదని మిర్కాబ్ ఆఫీసులో ఇప్పటికీ ఒక రూలుంది.